రెండో చేతి గ్లోవు

నెల క్రితం నా ఫోనులోకి ఒక ఆహ్వానం వచ్చిపడింది. మా హైస్కూలు పూర్వ విద్యార్థులు ఒక గ్రూపు పెట్టుకున్నారు. తెల్లారేసరికల్లా అందులో పూలగుత్తులూ దేవుడి బొమ్మలూ పంపుకుంటారు, ఎవడి మనవడు ఏ బళ్లో చేరాడో చెప్పుకుంటారు. నేను తెరిచి చూడను. ఆ రోజు చూశాను, ఎందుకంటే పైన వాడి ఫోటో ఉంది. తొమ్మిదో తరగతి గ్రూపు ఫోటోలోంచి మొహం ఒక్కటే కత్తిరించి, తల చుట్టూ వెలుగు పెట్టి, కింద ‘మన ఊరి క్రీడా కెరటం’ అని ఎర్రటి అక్షరాలతో వేశారు. స్కూలు గ్రౌండులో వాడి విగ్రహం పెడుతున్నారట. కార్యక్రమం వరసలో ‘బాల్యమిత్రుని ప్రసంగం’ అని నా పేరు కూడా వేశారు. నన్ను అడగలేదు. అడిగే అలవాటు మా ఊళ్లో ఎప్పుడూ లేదు.

కెరటమట. వాడి ఆఖరి రోజుల్లో మా ఊరు వాణ్ని పిలిచిన పేరు వేరు. దొంగ అని పిలిచింది.

సొంత ఊరిని తలుచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మాది నల్లరేగడి నేల. వాన పడితే కాలి చెప్పు లాక్కుంటుంది, ఎండ కాస్తే అరికాలు దిగబడేంత నెర్రెలిస్తుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. కాయ కోతలయ్యాక కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటే ఊరంతా తుమ్ములే. పత్తి తీతలప్పుడు ముందుగదిలో ఇంటికప్పు దాకా పత్తి పోసేవాళ్లు, పిల్లలం దాని మీదికెక్కి దూకేవాళ్లం. ఆ పత్తి వాసన, గోనెసంచుల వాసన, నాయనమ్మ రోట్లో నూరే పండుమిరప పచ్చడిలో చింతపండు వాసన నాకూ గుర్తే. తలుచుకుంటే నోరూరుతుంది కూడా. ఊరంటే ఆ వాసనలు మాత్రమే అయితే నేనూ నలుగురితో పాటు మెచ్చుకునేవాణ్ని.

కానీ ఊళ్లో మనుషులు కూడా ఉండేవారు. సాయంత్రం అయ్యేసరికి మా ఇంటి అరుగు మీదికి చేరేవారు. పిడుగురాళ్ల సున్నంలో ఎంత మట్టి కలుపుతారో వాళ్లకి తెలుసు. ఢిల్లీలో ఎవరు ఎవరిని దించబోతున్నారో తెలుసు. ఏ పురుగుకి ఏ మందు ఎన్ని మూతలు పోసి కొట్టాలో, డబ్బా మీద రాసిందానికంటే ఎక్కువ తెలుసు. ‘తెలియదు’ అనే మాట ఆ అరుగు మీద ఎవరి నోటా నేను వినలేదు. వాళ్లందరిలో మా నాన్న పెద్ద. మంగళగిరి పంచె కట్టుకుని, కండువా భుజాన వేసుకుని, స్కూలు కమిటీ ప్రెసిడెంటు హోదాలో చదువుల గురించి కూడా తీర్పులు చెప్పేవారు. ఆయన చదివింది ఐదో తరగతి. అది తప్పు కాదు. ఆరో తరగతి పుస్తకంలో ఏముందో కూడా తనకు తెలుసనుకోవడం తప్పు.

వాడిది కాలవ అవతల చర్చి పేట. వాళ్ల నాన్న ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరు రోజులూ కూలికి వెళ్లేవాడు. వాళ్లమ్మ మా కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసేది. ఆమె చేతులు ఏడాదిలో ఆరు నెలలు మండుతూనే ఉండేవి. వాడు చిన్నప్పటినుంచీ సెలవుల్లో జొన్నచేల మంచెల మీద నిలబడి పిట్టల్ని తోలేవాడు. అందరూ వడిసెల తిప్పితే వాడు వట్టి చేత్తో మట్టిబెడ్డ విసిరేవాడు. అది పిట్టకు తగిలేది కాదు, పిట్ట వాలిన కంకి కింద కాడకు తగిలేది. ఎంత దూరమైనా సరే.

“పిట్టనే కొట్టచ్చుగా” అన్నాను ఒకసారి.

“అది తినేది నాలుగు గింజలు. దానికి చావేందిరా” అన్నాడు.

మేం తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వచ్చిన ఆ వేసవిలో మా డ్రిల్లు మాస్టారు ఏదో శిబిరానికి వెళ్లి ఒక చెక్కపెట్టెతో బస్సు దిగాడు. అందులో ఒక బ్యాటు, మూడు బంతులు, ముఖానికి కట్టుకునే ఇనప జల్లెడ ఒకటి, తోలు గ్లోవులు తొమ్మిది ఉన్నాయి. ఈ ఆట పేరు బేస్‌బాల్ అని చెప్పాడు. గ్లోవు బంతి పట్టే చేతికి, రెండో చెయ్యి విసరడానికి ఖాళీగా ఉండాలి అన్నాడు. అన్నీ ఎడమ చేతివే. ఒక్కొక్కడికి ఒక్కటి. ఇది బుర్రకెక్కడానికి మాకు ఒక నిమిషం పట్టిందేమో. ఈ ఒక్క ముక్కే మా ఊరి పెద్దలకు ఎక్కలేదు.

ఊళ్లోవాళ్లు ముందు నవ్వారు. పంచాయతీ ఆఫీసు టీవీలో క్రికెట్టు చూడటం నేర్చినవాళ్లు కదా, రోకలిబండతో ఆడే ఆట ఏమిటన్నారు. ఆ మాట వాళ్లు వెక్కిరింతకే అన్నారు గానీ చివరికి అదే నిజమైంది. ఉన్న ఒక్క బ్యాటు పది రోజుల్లో చీలిపోయింది. నేను మా నాయనమ్మ పాత రోకలి దొంగిలించి, కింది ఇనప పొన్ను ఊడగొట్టి పట్టుకెళ్లాను. పాతికేళ్లు కారం దంచిన రోకలి అది. దాన్ని పట్టుకున్నవాడు చెమట తుడుచుకోవడానికి కంటి మీద చెయ్యి పెట్టుకున్నాడంటే ఆ పూటకి వాడి ఆట అయిపోయినట్టే. మూడో రోజు నాయనమ్మ రోకలి కోసం ఇల్లంతా వెతికి, పొరుగింటావిడ మీద అనుమానపడి, నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నేను నోరు మెదపలేదు. నోరు మెదపకపోవడం నాకు అప్పటికే బాగా అలవాటు.

కోత కోసిన జొన్నచేను మా గ్రౌండు. నాలుగు గోనెసంచి ముక్కలు నాలుగు మూలలు. వాడు మధ్యలో నిలబడి విసిరేవాడు, ముఖానికి జల్లెడ కట్టుకుని నేను పట్టేవాణ్ని. వాడి చేతిలోంచి బంతి బయల్దేరడం కనిపించేది కాదు. గ్లోవులో వచ్చిపడ్డ చప్పుడు వినిపించాకే వచ్చిందని తెలిసేది. నా ఎడమ అరచేయి ఎర్రగా వాచిపోయేది. అన్నం తినేది కుడిచేత్తో కాబట్టి నాన్న కంట పడలేదు. నాయనమ్మ కంట పడింది. ఏమైందంటే గట్టు మీద పడ్డానన్నాను. ఆమె ఆముదం వెచ్చజేసి రాస్తూ, “నువ్వు రోజూ ఆ గట్టుమీదే పడుతున్నావేరా” అంది. అంతకు మించి అడగలేదు.

దాచడానికి కారణం చదువు కాదు. మొదట్లోనే నాన్న అరుగు మీద అందరి ముందూ అన్నారు. “వాళ్లు వేళ్లు పెట్టిన తోలు తొడుగులో మనవాళ్లు చెయ్యి పెడతారా? గ్రౌండు వైపు వెళ్లావని తెలిస్తే కాళ్లు విరగ్గొడతా.” అదే నాన్న చేలో పత్తి తీసేదీ, మిరపకాయ తొడిమ తీసేదీ, ఆ కారం పొడి కొట్టేదీ వాళ్ల వేళ్లే. అది ఆయనకు తోచలేదు. తోచేంత తీరిక ఎక్కడిది, ప్రపంచమంతా తెలుసుకుని కూర్చున్నాక.

గ్రౌండులో వాడు నన్ను ఒరేయ్ అనేవాడు. మా ఇంటి గేటు దగ్గరికి వచ్చినప్పుడు “అబ్బాయిగారున్నారా అండి” అని అడిగేవాడు. ఆ తేడా నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. అందుకు నా మీద నాకు అసహ్యం.

ఆట అయ్యాక చర్చి వెనక వాళ్లింటికి వెళ్లేవాళ్లం. వాళ్లమ్మ పొయ్యి మీంచి జొన్నరొట్టె తీసి, మధ్యలో పండుమిరప కారం పెట్టి మడిచి ఇచ్చేది. ఉల్లిపాయ గుద్ది పక్కన పెట్టేది. అంత రుచైన తిండి నేను మళ్లీ తినలేదు. “మీ ఇంట్లో చెప్పమాకు బాబూ” అనేది ప్రతిసారీ. చెప్పేవాణ్నే అయితే తినేవాణ్ని కాదని ఆమెకు తెలియదు. నేనూ ఆడతానని మాత్రం వాడు ఆమెకు కూడా చెప్పలేదు, దారిలో కలిశాడనేవాడు.

దసరా తర్వాత గుంటూరులో జిల్లా సెలక్షన్లు ఉన్నాయని మాస్టారు చెప్పాడు. అందులో నెగ్గితే హాస్టల్లో వేసి, తిండిపెట్టి, చదివిస్తారట. ఆ మాట విన్న సాయంత్రం వాడు రొట్టె తినడం మానేసి వాళ్లమ్మకు మూడుసార్లు అదే చెప్పాడు. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నది. తర్వాత వారానికే మాస్టారికి మూడు నెలల ట్రైనింగు పడి ఎక్కడికో వెళ్లిపోయాడు. వెళుతూ పెట్టె తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు. “సెలక్షన్ల రోజుకి గుంటూరు వచ్చేస్తా. నువ్వు గ్లోవులు పట్టుకుని అక్కడికి రా” అన్నాడు.

అదే రోజుల్లో హెడ్మాస్టరు రిటైరై, సోషలు మాస్టారు ఇన్‌ఛార్జి అయ్యాడు. కుర్చీ కొత్త కదా, స్కూల్లో ఉన్న ప్రతి సుద్దముక్కా చూసుకోవాలనిపించింది. చెక్కపెట్టె తెరిపించాడు. తొమ్మిది గ్లోవులు బయటికి తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ ఎడమ చేతివే. కుడి చేతివి ఒక్కటీ లేవు. ఆయన ముక్కున వేలేసుకుని, కమిటీ ప్రెసిడెంటుకు కబురు పంపాడు.

నాన్న వచ్చారు. ఒక గ్లోవు వేలి చివరతో పైకెత్తి చూశారు. స్కూలు సామాన్ల పట్టీలో ఏం రాసుందని అడిగారు.

“గ్లోవులు తొమ్మిది అని ఉందండి. జతలని రాయలేదు” అన్నాడు ఇన్‌ఛార్జి.

“నేను పిల్లలకి నాలుగు చెప్పులు కొన్నానంటే ఎన్ని కొన్నట్టు? నాలుగు జతలనేగా. ఒంటికాలి చెప్పు ఎవడన్నా కొంటాడా?”

ఆ తర్కానికి ఇన్‌ఛార్జి తల ఊపాడు. గదిలో ఉన్న ఇంకో ఇద్దరు పెద్దలు కూడా ఊపారు. నలుగురు పెద్ద మనుషులు, తొమ్మిది తోలు తొడుగులు, అరగంటలో దొంగతనం తేలిపోయింది. దొంగ కూడా తేలిపోయాడు. తాళంచెవి వాడి దగ్గరుంది, వాడు కాలవ అవతలివాడు. ఇంకేం సాక్ష్యం కావాలి.

వాణ్ని పిలిపించారు. ఆడే పిల్లలందరినీ గుమ్మం బయట నిలబెట్టారు. నన్ను క్లాసు లీడరు హోదాలో లోపల నిలబెట్టారు.

“ఒక్క చేతికేనండి. రెండో చెయ్యి ఇసరటానికండి” అన్నాడు వాడు.

“దేవుడు రెండు చేతులిచ్చాడు. కంపెనీవాడు ఒక చేతికే చేస్తాడంట్రా? మా చెవిలో పువ్వులు పెడుతున్నావా?” అన్నారు నాన్న.

“డ్రిల్లు మాస్టారిని అడగండయ్యా.”

“ఆయన వచ్చిందాకా ఆ తోలు నీ దగ్గర ఉంటుందా? ఈపాటికి చెప్పులు కుట్టేసుంటావు.”

గుమ్మం బయటి పిల్లలు కూడా ఒక్క చేతికేనన్నారు. వాళ్లంతా ఒక పేట వాళ్లు, ఒక మాట మీద ఉంటారని కొట్టిపారేశారు. అప్పుడు నాన్న నా వైపు తిరిగారు. “ఏరా, వీళ్లు ఆడుతుంటే నువ్వెప్పుడన్నా చూశావా? ఇది ఒక చేతికో రెండు చేతులకో నీకేమన్నా తెలుసా?”

వాడు నా వైపు చూశాడు. నా ఎడమ అరచేతిలో ముందురోజు వాపు ఇంకా ఉంది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

“నాకు తెలియదు నాన్నా. నేను గ్రౌండుకే వెళ్లలేదు” అన్నాను.

మా ఊళ్లో ‘తెలియదు’ అనే మాట నేను విన్నది ఆ ఒక్కసారే. అది నా నోటి నుంచి, నాకు బాగా తెలిసిన విషయం గురించి వచ్చింది. వాడు ఒక్క క్షణం నన్నే చూసి తల దించుకున్నాడు. నన్ను పట్టిస్తే బతికిపోయేవాడు. నా అరచెయ్యి తిప్పి చూడమంటే చాలు. వాడు అనలేదు.

రెండో చేతి గ్లోవులు తొమ్మిదీ తెచ్చి పెట్టెలో పెట్టిందాకా బడి గడప తొక్కద్దన్నారు. లోకంలో ఎవడూ తయారు చేయని తొమ్మిది వస్తువులు తెమ్మని ఒక పిల్లాణ్ని ఇంటికి పంపి, పెద్దలు టీ తాగారు. సాయంత్రం ఇద్దరు మనుషులు పేటకి వెళ్లి వాళ్ల రేకుపెట్టె తెరిపించారు. అందులో వాళ్లమ్మ పెళ్లిచీర, బైబిలు, వాడి తొమ్మిదో తరగతి మార్కుల కాగితం ఉన్నాయట. ఆ మనుషులు ఆ సంగతి అరుగు మీద చెప్పి నవ్వారు. నేను లోపల లెక్కలు చేసుకుంటూ విన్నాను.

రెండు రోజుల తర్వాత కాలవ వంతెన మీద కనిపించాడు. వాడే నా భుజం తట్టాడు.

“పోనీలేరా. చెబితే నీ కాళ్లు ఇరగ్గొట్టేవాళ్లు. మాస్టారొచ్చి చెబుతాడుగా.”

“సెలక్షన్లకి వెళ్లు మరి. మాస్టారు అక్కడికే వస్తానన్నాడుగా.”

“గ్లోవులు పెట్టెలో ఉన్నయ్యి. తాళం లాక్కున్నారు. వట్టి చేతుల్తో పోయి ఏమని చెప్పను?”

ఆ ఏడు తెల్లదోమ పడింది. పత్తి ఆకు అడుగున పిండి చల్లినట్టు అంటుకుని చేలకు చేలు జిగురు కారిపోయాయి. అరుగు మీద జ్ఞానులు తలా ఒక పురుగుమందు పేరు చెప్పారు. ఒకటి కొడితే పోలేదు, రెండు కలిపి కొట్టారు. రెండు కలిపితే పోలేదు, మూడో రకం కలిపారు. మూడు రోజులకొకసారి కొట్టేవాళ్లు. ఊరి గాలి పీలిస్తే గొంతులో చేదు తగిలేది. మిరప ఘాటు, గోంగూర పులుపు, ఏ వాసనా మిగల్లేదు. కూలోళ్లు చాలడం లేదు. నాన్న పేటకి కబురు పంపారు. “మీవాడికి బడి లేదుగా, ఖాళీగా ఉన్నాడుగా, పంపించు” అని. బడి లేకుండా చేసిన మనిషే ఆ మాట అనడం నేను చెవులారా విన్నాను. ఆయనకు అందులో ఏ తేడా కనిపించలేదు.

గుంటూరులో సెలక్షన్లు జరిగిన ఆదివారం వాడు మా చేలో ఉన్నాడు. ఆ ఆదివారం చర్చికి వెళ్లొచ్చి చేలోకి దిగుతానని వాళ్ల నాన్న చేత అడిగించాడట. “తెల్లదోమకి ఆదివారం ఉండదు” అన్నారు మా నాన్న. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్లాను. వాడు వీపున డబ్బా, చేతిలో గొట్టం, ఛాతీ ఎత్తు పత్తిలో సాళ్ల వెంట నడుస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గాలి వాడి మొహం మీదికే కొడుతోంది. నీళ్ల డ్రమ్ములో మందు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాడు. అందరూ అలాగే కలిపేవాళ్లు.

నన్ను చూసి డబ్బా దించాడు. కాలవలో మట్టి రుద్ది చేతులు కడుక్కుని, వాళ్లమ్మ కట్టిన మూట విప్పి రొట్టె తిన్నాడు. నాకు సగం తుంచి ఇవ్వబోయి, చెయ్యి వాసన చూసుకుని ఆగిపోయాడు. “నువ్వు తినమాకు, మందు వాసనొస్తంది” అన్నాడు. మిగతా సగం తనే తిన్నాడు.

తిన్నాక ఒక బెడ్డ తీసుకున్నాడు. చేను ఆ చివర గట్టు మీద ఖాళీ మందు డబ్బా ఉంది. “ఇంకా ఉంది చూడు” అని విసిరాడు. డబ్బా ఎగిరి కాలవలో పడింది. వాడు నవ్వాడు. నాకు వాడి నవ్వు చివరగా గుర్తున్నది అదే.

సాయంత్రం నాలుగింటికి గట్టు మీద కూలబడ్డాడు. నోటి వెంట నురగ. కంటిపాప సూదిమొన అంత అయిపోయింది. మజ్జిగ పొయ్యమన్నాడొకడు, చింతపండు పులుసు తాగించమన్నాడొకడు. అరుగు మీది జ్ఞానమంతా పొలానికి దిగింది. తెలియదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం అన్నవాడు ఒక్కడు లేడు. అన్నీ అయ్యాక ట్రాక్టరు ఎక్కించారు. వాళ్లమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెదకాకాని దాటేసరికి పోయాడని, ఆమె ఎవరికీ చెప్పకుండా గుంటూరు దాకా అలాగే కూర్చుందని తర్వాత ట్రాక్టరు తోలినతను చెప్పాడు. ఆస్పత్రిలో డాక్టరు వాడి చేతులు తిప్పి చూసి, చేతులకు తొడుగులు లేకుండానే కొట్టించారా అని అడిగాడట. మా నాన్న అక్కడే ఉన్నారట. ఆయన ఏం జవాబు చెప్పారో ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో మాత్రం చెప్పారు. “ఎదురుగాలికి కొట్టాడు, వాడి అజాగ్రత్త.” పాతిపెట్టే రోజున ఊరివాళ్లు చర్చి ప్రహరీ బయట నిలబడి కాసేపుండి వెళ్లిపోయారు. నేనూ వాళ్లతోనే నిలబడ్డాను.

కొత్త సంవత్సరం వచ్చాక డ్రిల్లు మాస్టారు తిరిగి వచ్చాడు. సెలక్షన్ల రోజున వాడి కోసం సాయంత్రం దాకా గుంటూరు గ్రౌండు గేటు దగ్గర నిలబడ్డానన్నాడు. సంగతి విని మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడి చెప్పాడు. “ఒక్క చేతికేనండి ఆ గ్లోవు. రెండోది ఉండదండి.”

“ఓహో, అదా సంగతి” అన్నారు నాన్న. పక్కనున్నాయన, “ఆ మాట రాసిపెట్టి పోవాల్సింది మాస్టారూ” అన్నాడు. తర్వాత మిరప ధర గురించి మాట్లాడుకున్నారు. కాలవ దాటి ఆ ముక్క పేటలో చెప్పినవాడు లేడు. మాస్టారు ఆ ఏడే బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు, నేనూ పది పాసై గుంటూరు కాలేజీకి వెళ్లిపోయాను. నాన్న పండు ముసలి వయసులో, నలుగురి చేతా పెద్దమనిషి అనిపించుకుని పోయారు.

వాళ్లమ్మ అప్పుడప్పుడూ బస్టాండులో కనిపించేది. కనిపించినప్పుడల్లా నా చెయ్యి రెండు చేతులతో పట్టుకునేది. “ఊరంతా నా కొడుకుని దొంగన్నారు. నువ్వొక్కడివే ఒక్క మాట అనలేదు నాయనా” అనేది. నిజమే. ఒక్క మాట అనలేదు. నేను ఏదో గొణిగి బస్సెక్కేవాణ్ని. ఊరివాళ్ల మీద ఇంత మాట్లాడుతున్న నేను, ఆ మెప్పు మాత్రం ఏళ్ల తరబడి ఊరకే పుచ్చుకున్నాను.

వెళ్లకూడదనుకుంటూనే విగ్రహావిష్కరణకు వెళ్లాను. గ్రౌండు నిండా ఫ్లెక్సీలు. ఆ ఆటలో పక్క ఊరి కుర్రాడికి పతకం వస్తే, మా ఊళ్లో వాడు ముందే ఆడాడని కమిటీకి గుర్తొచ్చిందట. కమిటీ కార్యదర్శి నా క్లాసువాడే, ఆ రోజు గదిలో తల ఊపిన పెద్దలలో ఒకాయన కొడుకు. నన్ను ముందే విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి ముసుగు కొంచెం పక్కకి లాగి చూపించాడు. తెనాలిలో చేయించారట. మొహం వాడిది కాదు, ఎవరో సినిమా కుర్రాడిలా ఉంది. రెండు చేతులకూ బండ గ్లోవులు, బాక్సింగు ఆడేవాడిలా.

“కుడిచేతికి ఎందుకు పెట్టారు?” అన్నాను.

“శిల్పి ముందు ఒక చేతికే చేశాడు, ఆ ఆట ఫోటోలు చూసి. ఒక చేతికే ఉంటే రెండోది ఎవడో విరగ్గొట్టుకుపోయాడనుకుంటారని మేమే చెప్పి పెట్టించాం. ఎంత బాగా కుదిరిందో చూడు.”

నలభై ఏళ్లకు ఆ రెండో చేతి గ్లోవు దొరికింది. మా ఊరే సిమెంటుతో చేయించి వాడి చేతికి తొడిగింది. నేను అతని మొహంలోకి చూశాను. అందులో కుళ్లు లేదు, దాపరికం లేదు. వాళ్ల నాన్న మొహంలో ఉన్న తెలివే ఉంది.

వాళ్లమ్మని వేదిక మీదికి ఎక్కించారు. మెట్ల దగ్గర తడబడితే నేను చెయ్యి అందించాను. పక్కన కూర్చున్నాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. కాయలు కాసి, పొడిబారి, తేలికైపోయిన చెయ్యి. ముసుగు తీశారు, చప్పట్లు కొట్టారు. ఆమె కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

“ఆ కుడిచేతికి ఏందయ్యా అది? ఇంక వాడు దేంతో ఇసురుతాడు?” అంది, నాకు మాత్రమే వినిపించేలా.

“తప్పుగా పెట్టారమ్మా. దానికి రెండోది ఉండదు. ఒక్క చేతికే.”

“మావాడూ అదే చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి అదే చెప్పి ఏడ్చాడు. నమ్మినవాడు లేడు” అంది. నా వైపు తిరిగింది. “నీకెప్పుడు తెలిసింది నాయనా?”

టీవీలో చూశానని చెప్పచ్చు. ఉద్యోగంలో చేరాక ఎవరో చెప్పారని చెప్పచ్చు. ఆమె నమ్మేది. నమ్మి, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునేది.

“అప్పుడే తెలుసమ్మా. నేనూ వాడితో ఆడేవాణ్ని. నాన్న అడిగితే తెలియదన్నాను.”

ఆమె నా మొహంలోకి కాదు, మా ఇద్దరి చేతుల వైపు చూసింది. తర్వాత తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మైకులో నా పేరు రెండోసారి పిలుస్తున్నారు, బాల్యమిత్రుడు అని.